ఆటలో చావు – బాటలో చావు

సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు బోవు బాట పులికాట్ సరస్సును నడిమికి చీల్చుకొని పోవుచుండును. చలికాలమున ఆ బాటపై నిలిచినవానికి ఇరుప్రక్కల నీరును, నీటియందు బారులు తీర్చిన రాజహంసలును, దూరమున ఒక యొంటి పడవయు కానవచ్చును. ఆదివారము ఉదయమున మఱియొక దృశ్యము గూడ కనులబడును. చెన్నపట్టణమునుండియు, నెల్లూరునుండియు, తిరుపతినుండియు యువకులు మోటారు సైకిళ్ళపై గుంపులు గుంపులుగా వచ్చి, బండ్లు వరుసగా నిలిపి, తలకు కట్టిన రంగు రుమాళ్ళు విప్పుకొనుచు, టీ త్రాగుచు, తాము వచ్చిన వేగమును గూర్చి ముచ్చటించుకొనుచుందురు.

ఆ ముచ్చటలను నేను పలుమాఱులు వినియున్నాను. ఒకడు దారిలో లారీల నడుమ “కట్లు కొట్టినాడు”. ఒకడు ముందుచక్రమును నేలనుండి పైకెత్తి “వీలీ లేపినాడు”. ఇసుకమీద ఒకని బండి “స్కిడ్డయినది”. ముగ్గురు ఒకే బండిపై “ట్రిపుల్స్” వచ్చిరి. ఏ ఊరివాడో, వారికందఱకు తెలిసినవాడు, నిరుడు ఇట్టి పందెములోనే “టపా కట్టినాడు”. ఈ కడపటి మాటకు ఒక క్షణము నవ్వు ఆగినది. మఱుక్షణము మఱల సాగినది.

నాతో వచ్చిన వృద్ధులొకరు, ఉపాధ్యాయవృత్తినుండి విరమించినవారు, ఇది విని, “ఇది తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, మన భాషకు పట్టిన తెగులు నాయనా!” అని నిట్టూర్చిరి. పఠనాలయములలో ఈ మొఱ దినదినమును వినబడుచునే యున్నది. ఆ పెద్దల బాధ నిజమైనది. కాని వారు రోగమును గుర్తించిన చోటు వేఱు, రోగమున్న చోటు వేఱు. మన యువకుల మాటలో ఇంగ్లీషు చేరుట రోగము కాదు. ఆ మాట చావును దాచిపెట్టుట రోగము. ఈ రెంటికిని గల భేదమును చదువరుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

సాహసమున్న చోట నెల్ల దానికి తగిన పలుకుబడి పుట్టును. ఇది లోకధర్మము. మంచుకొండలపై జారు ఆటయందు ఆఱితేఱిన పాశ్చాత్యులు క్రొత్తగా కురిసిన పొడిమంచును “పౌడర్” అందురు. యంత్రముతో దువ్విన మంచుపై గీతలను జూచి దానికి “కార్డురాయ్” అని ఒక గీతలబట్ట పేరు పెట్టిరి. గట్టిపడి కాలిక్రింద తగులు మంచుగడ్డలను “డెత్ కుకీలు”, అనగా చావు బిస్కత్తులు, అని పిలుతురు. ఒకడు జారిపడి వాని పలకలు, కఱ్ఱలు, టోపీ, చేతితొడుగులు నలుదిక్కుల చెదరినచో దానిని “యార్డ్ సేల్” అందురు; అమెరికాలో గృహస్థులు పాత సామానులను ముంగిట పఱచి అమ్ముకొను అలవాటునుండి ఆ మాట పుట్టినది. అలలపై పలకనెక్కి తేలువారు అల విసరివేయగా పడుటను “వైపౌట్” అందురు. తీరమునుండి మనుష్యుని లోపలికి లాగుకొనిపోవు నీటిపాయను “రిప్” అందురు.

మోటారు సైకిలు నడపువారి మాటలు ఇంకను సూక్ష్మమైనవి. పడుటలో వారు రెండు విధములను చెప్పుదురు. చక్రము పట్టుతప్పి బండి వాలినవైపునకే జారిపోయినచో అది “లోసైడ్”. జారిన వెనుకచక్రమునకు తటాలున మఱల పట్టు దొరకగా, బండి ఎదురువైపునకు తిరుగబడి మనుష్యుని గాలిలోనికి విసరినచో అది “హైసైడ్”. మొదటిదానికంటె రెండవది ఎక్కువ ప్రాణాంతకము. భయపడినవాడు గోతిని తప్పించుకొనవలెనని గోతివంకనే చూచుచు, చూచినచోటికే బండిని నడిపి దానియందే పడుటకు “టార్గెట్ ఫిక్సేషన్” అని పేరు. ఒక్క మాటలో ఎంత అనుభవము ఇమిడియున్నదో చూడుడు! ఈ మాటను ముందుగా వినియున్నవాడు ఆ క్షణమున గోతినుండి చూపు మరల్చి దారివంక చూచును, బ్రతుకును.

కావున ఇట్టి పలుకుబడిని అల్లరిమూకల భాషయని త్రోసివేయరాదు. దానికి మూడు పనులు గలవు. మొదటిది వేగము: ప్రాణము మీదికి వచ్చినపుడు వాక్యము కట్టుకొనుటకు వ్యవధి యుండదు, ఒక్క కేక చాలవలెను. రెండవది స్నేహము: ఆ మాట ఎఱిగినవాడు మనవాడు, ఎఱుగనివాడు కొత్తవాడు. మూడవది భయమును నవ్వుటతో జయించుట: చావు బిస్కత్తు అని నవ్వువాడు చావును మఱచినవాడు కాడు, దానిని కంటియెదుట నుంచుకొని, కాళ్ళు వణకకుండుటకు నవ్వుచున్నవాడు.

ఈ మూడు పనులును చేయు మాటలు మనకు లేవా? లేవనువాడు తెలుగుపల్లె నెఱుగనివాడు. మన చెడుగుడును చూడుడు. గీతదాటి శత్రువుల గడ్డమీదికి ఒంటిగా పోవువాడు “కూత”కు పోవును. ఊపిరి బిగబట్టి కూత తెగకుండ, అందినవానిని తాకి, మఱల గీత చేరవలెను. కూత తెగినచో వాడు “చచ్చెను”. పట్టుబడి గీత చేరకున్నను చచ్చెను. వాడు తాకి వచ్చినవారును చచ్చిరి. కాని ఎదిరిపక్షమున ఒకడు చచ్చినచో ఈ పక్షమున చచ్చి ప్రక్కన కూర్చున్నవాడొకడు “బ్రతుకును”, ధూళి దులుపుకొని మఱల బరిలోనికి దిగును. చావు, బ్రదుకు అను రెండు మహాశబ్దములను మన పల్లెబిడ్డలు సాయంకాలపు ఇసుకలో బంతివలె ఎగురవేసి పట్టుకొనిరి. కోతికొమ్మచ్చిలో కొమ్మనుండి కొమ్మకు దూకు పిల్లవానికి క్రింద “దొంగ” యొకడుండును. ఆ దొంగతనములో అవమానము లేదు, రేపు ఆ దొంగ తానే కావచ్చును. బిళ్ళంగోడునందు బిళ్ళ కెంత, గోడు కెంత అని కొలతలు గలవు. పంటలు వేసికొనుటయందు న్యాయస్థానమునకంటె నిష్పక్షపాతమైన విధానము గలదు.

ఈ చెడుగుడు సామాన్యమైన ఆట కాదు. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడల సందర్భమున అమరావతి పట్టణమునకు చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు దీనిని లోకమునకు ప్రదర్శించి చూపిరి. 1990లో బీజింగునందు జరిగిన ఆసియా క్రీడలలో ఇది పతకములాటగా చేరెను. నాడు బంగారు పతకము మనదే. 2014 మొదలు వృత్తిక్రీడాకారుల పోటీలు జరుగుచున్నవి. తెలుగువారి పేరు పెట్టుకొన్న జట్టు గూడ అందు గలదు. ఆట ఇంటింటి దూరదర్శనములోనికి వచ్చినది. ఆటతోపాటు మాట వచ్చినదా? రాలేదు. కూతకు పోవుట “రైడ్” అయినది. పట్టు “ట్యాకిల్” అయినది. రెండు కూతలు వట్టిపోయిన పిమ్మట మూడవ కూతకు పోవువాని సాహసమునకు “డూ ఆర్ డై” అని పేరు. 1942 ఆగస్టు 8వ తేదీ రాత్రి బొంబాయి నగరమున గాంధిమహాత్ముడు జాతికిచ్చిన మంత్రము అదియే! అది నేడు ఒక ఆటలోని నిబంధన పేరైనది. అందుకు నాకు కోపము లేదు. మంత్రము పిల్లల నోట నిలిచినందుకు సంతోషమే. కాని గుక్క తిప్పుకొనకుండ ఆడు ఆటకు “కూత” అను రెండక్షరముల మాటయుండగా దానిని మన నోటినుండియే తుడిచివేయుట దేనికి? కొన్ని తెలుగు పత్రికలు కూత అను మాటను నిలుపుకొన్నవి, వానికి నమస్కారము. తక్కినవారికి అడ్డువచ్చినదేమి?

ఇక సరస్సువంక చూతము. ఆదివారపు యువకులు బాటమీద చెప్పుకొను సాహసమును, బాటకు ప్రక్కన నీటిలో నిలిచిన బెస్తవాడు నిత్యము చేయుచున్నాడు. వాని సాహసమునకు కెమెరా లేదు, చప్పట్లు లేవు. వాని మాటలు వినుడు. తెడ్డు, గడ, తెరచాప, చుక్కాని, లంగరు, ఆటు, పోటు, సుడి, ఉప్పెన. సముద్రపు నీరు సరస్సునకు వచ్చు ద్వారము “మొగ”. ఆ మొగ ఇసుకతో పూడినచో ఉప్పునీరు రాదు, రొయ్య రాదు, చేప రాదు, కూడు రాదు. వాకాడు ప్రక్కన రాయదొరువు మొగ పూడికను గూర్చి ఆ పల్లెలవారు ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనుచున్నారు. “మొగ పూడినది” అను రెండు మాటలలో ఎన్నియో పల్లెల యాకలి యున్నది. అర్జీలలో ఆ మాటలు “ముఖద్వార పునరుద్ధరణ” అని మాఱునప్పటికి ఆకలి చల్లారిపోవును; కడుపులో కాదు, కాగితముమీద.

ఈ తీరపు మాటలు బీదవనుకొనరాదు. ఈ కోరమండల తీరపు మాట లోకమెల్ల తిరిగినది. దుంగలను త్రాళ్ళతో కట్టి చేసిన తెప్పను మన తమిళ సోదరులు కట్టుమరమందురు. ఆ మాటయే “కటమరాన్” అయి, జంటపొట్టుల పందెపు నావలకు నేడు ప్రపంచమంతట పేరైనది. 2013లో శాన్ ఫ్రాన్సిస్కోనందు జరిగిన అమెరికా కప్పు పందెమున పరుగిడిన మహానావలు కటమరాన్లే. గుఱ్ఱములపై ఆడు పోలో అను మాట హిమాలయములకవతల బాల్టీ భాషనుండి వచ్చినది. మన పులికాట్ పేరు గూడ ఊరకుండలేదు. 17వ శతాబ్దిలో డచ్చివారు ఇచట గెల్డ్రియా కోట కట్టి, మన నేతగాండ్ర రంగుబట్టలను దేశదేశములకు ఎగుమతి చేసిరి. ఆ వ్యాపారపు జాడగా ఆంగ్ల నిఘంటువులలో “పుల్లికాట్” అనగా రంగురుమాలు అను అర్థము నేటికిని నిలిచియున్నది. పులికాట్ బాటపై తలకు రుమాలు కట్టుకొన్న యువకుడు దానిని “బందనా” అని పిలిచి అది అమెరికా వేషమని మురియుచున్నాడు. ఆ బందనా హిందూస్థానీ మాట. ఆ రుమాలునకు ఒకప్పటి పేరు తాను నిలిచియున్న సరస్సు పేరే! మనది మనకు మఱల దిగుమతి యైనపుడు మనము గుర్తింపలేకపోవుట దాస్యముయొక్క కడపటి గుఱుతు.

ఇంతవఱకు చెప్పినది ఒక పక్షము. ఇక రెండవ పక్షము చెప్పవలెను; అది కఠినమైనది.

నేను న్యాయవాదిని. మోటారు ప్రమాదముల పరిహారపు దావాలలో సాక్షుల మాటలు వినుట నా వృత్తిలో భాగము. ఒక వ్యవహారములో చూచిన మనుష్యుడు బోనెక్కి, “ముందర బండోడు కట్ కొట్టినాడు సార్, దాంతో ఎనక బండి స్కిడ్డయిపోయింది” అని చెప్పెను. ఎంత నిక్కచ్చియైన వాక్యము! కట్ కొట్టుట యనగా హఠాత్తుగా ఎదుటివాని దారికి అడ్డముగా తిప్పుట. అది చేసినవాని తప్పు. స్కిడ్డగుట యనగా చక్రము జారుట. అది జరిగినవాని దురదృష్టము. ఎవడు కారకుడు, ఎవడు బాధితుడు అను ప్రశ్నకు ఆ రెండు వాడుకమాటలలోనే జవాబున్నది. ఆంగ్లమున వ్రాసిన వాఙ్మూలములో మాత్రము “రెండు వాహనములు అజాగ్రత్తగా పోవుచు ఢీకొనెను” అని పడెను. దానిని సరిదిద్దించుటకు మాకు నెలలు పట్టెను. చనిపోయిన పిల్లవాని తండ్రి ఆ నెలలన్నియు వాయిదా వాయిదాకు బస్సెక్కి వచ్చెను. వీధిమాట సత్యము చెప్పెను. దొరతనపు మాట దానిని కప్పిపెట్టెను. ఆనాటినుండి యువకుల పలుకుబడిని నేను ఎగతాళి చేయుట మానితిని.

అయినను ఆ పలుకుబడియే ఇంకొకచోట అబద్ధమాడుచున్నది. యంత్రమును గూర్చి చెప్పునపుడు నిక్కచ్చిగా నుండు ఆ భాష, బాధ్యతను గూర్చి చెప్పవలసిన చోట మొగము చాటువేయును. “ట్రిపుల్స్” అను మాటను చూడుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 128వ సెక్షను ప్రకారము ద్విచక్రవాహనముపై నడపువాడు గాక ఒక్కనికే చోటు. మూడవవాడెక్కుట నేరము. ఆ నేరమునకు లెక్కలపాఠములోని పేరు పెట్టగానే అది నేరముగా తోచుట మానినది. “కట్లు కొట్టుట” యనునది దావాలో తప్పు. టీ దుకాణమువద్ద ప్రతిభ. బాటపై పందెము వేసికొనుట అదే చట్టమున 189వ సెక్షను క్రింద శిక్షార్హము. వాడుకలో అది “చిన్న రేసు”. ఇక మనుష్యుడు చనిపోయినచో, తపాలు సంచి మూతికట్టి బండిలో వేసి పంపినట్లు, “టపా కట్టినాడు”! ఎవడు కట్టెను? ఎందుకు కట్టవలసివచ్చెను? ఆ వాక్యములో కర్త గలడు గాని కారణము లేదు.

లెక్కలు చూడుడు. కేంద్ర రవాణాశాఖవారు ప్రకటించిన ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశపు బాటలపై 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 44 మందికి పైబడినవారు ద్విచక్రవాహనములపై పోవుచున్నవారు. హెల్మెట్టు పెట్టుకొనక మరణించినవారే 50,029 మంది. ఒక్క సంవత్సరములో ఒక పట్టణమంతటి జనము తలకు తొడుగు లేక పోయినది! ఏ దేశముతోడను యుద్ధము లేదు, ఏ మహమ్మారియు కారణము కాదు. ఇంతమంది బిడ్డలను పోగొట్టుకొనుచున్న జాతి తన బిడ్డలు చావును ఏ పేరుతో పిలుచుచున్నారో విచారింపవలదా?

ఇచట చెడుగుడునకును బాటకును గల భేదము కండ్ల గట్టును. చెడుగుడులో “చచ్చితిని” అని పిల్లవాడు నవ్వుచు ప్రక్కన కూర్చుండును. వానిని బ్రతికించుటకు తోడివారు ఆరుగురు పోరాడుదురు. వాడు లేచి వచ్చును. అందుచేతనే ఆ నవ్వు పవిత్రమైనది. బాటపై “టపా కట్టినాడు” అని నవ్వునపుడు ఆ నవ్వునకు ఆధారమేమి? వానిని లేపు నియమము ఏ ఆటలో నున్నది? ఆటలోని చావుమాటను బాటమీదికి తెచ్చుకొంటిమి గాని ఆటలోని బ్రదుకుమాటను తెచ్చుకొనలేకపోతిమి. సరస్సుమీది బెస్తవాడు సుడిని సుడియనును, ఉప్పెనను ఉప్పెనయనును. గాలి మాఱినదని తెలిసినచో పడవను ఒడ్డునకు లాగును. లాగినందుకు వానిని ఎవ్వరును పిఱికివాడనరు. వాని పలుకుబడిలో అపాయమునకు ముద్దుపేరు లేదు. అదియే నిజమైన సాహసికుని గుఱుతు.

దీనికి మందేమి? పండితులు కొందఱు వెంటనే ఒక సంఘమును కూర్చి, “వీలీ”కి “పురశ్చక్రోత్థాపనము” అనియు, “స్కిడ్డు”నకు “చక్రస్ఖలనము” అనియు పేర్లు పెట్టుదురు. అట్టి మాటలు గెజెట్టులో పుట్టి గెజెట్టులోనే కన్నుమూయును. జారి పడబోవువాడు “చక్రస్ఖలనము” అని అఱచునప్పటికే పడియుండును. బండి, బ్రేకు, గేరు, పంక్చరు ఇవన్నియు నేడు తెలుగు మాటలే. మన విభక్తులు తగిలించుకొని మన క్రియలతో కాపురము చేయుచున్నవి. “కట్” ఇంగ్లీషు కావచ్చును, “కట్ కొట్టుట” మాత్రము అచ్చమైన తెలుగు నిర్మాణము. ఏ ఇంగ్లీషువానికిని అది అర్థము కాదు. జీవద్భాష జనుల నోటనే యున్నదని గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో కన్నుమూయువఱకు వాదించిరి. నేను ఈ వ్యాసమును పాతబాణిలో వ్రాయుచున్నను ఆ విషయమున వారి శిష్యుడనే.

మఱి చేయవలసినదేమి? మూడు పనులు చెప్పెదను; మూడును మన చేతిలోనివి.

మొదటిది, సేకరణము. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములను పల్లెపల్లెనుండి పోగుచేయించి మాండలిక వృత్తిపదకోశము వెలువరించిరి. 1971లో చేనేతపదములను వెలువరించిరి. అరకకు, మగ్గమునకు దక్కిన గౌరవము ఆటకు గూడ దక్కవలదా? మన సరస్సు మాటలను స.వెం. రమేశ్‌గారు తమ “ప్రళయకావేరి కథలు”లో ఎంత ప్రేమతో నిలిపిరో చదివినవారికి తెలియును. ప్రళయకావేరి యనునది ఈ సరస్సునకు పాతపేరు. ఒక రచయిత ఒంటిచేత చేసినదానిని పఠనాలయములు, పాఠశాలలు కలిసి చేయలేవా? 2008లో తెలుగునకు ప్రాచీనభాషయను హోదా వచ్చినది. ప్రాచీన తెలుగు అధ్యయనకేంద్రము సరస్సునకు సమీపముననే నెల్లూరునందు గలదు. వేయేండ్లనాటి శాసనములోని మాటను రాతినుండి చదువుదుము. ఇరకము దీవిలోను, వేనాడు దీవిలోను నేడు ముసలి బెస్తవాని నోటనున్న మాటను ఎవరు వ్రాసికొనుచున్నారు? శాసనము ఇంకొక వేయేండ్లు నిలువగలదు. ముసలివాడు నిలువడు.

రెండవది, శిక్షణము. లైసెన్సు ఇచ్చు కాగితములలోను, పాఠశాలలో చెప్పు రక్షణపాఠములలోను యువకుల మాటలనే వాడవలెను. “ముగ్గురు ప్రయాణించుట నిషిద్ధము” అని గోడపై వ్రాసినచో ఎవడును చదువడు. “ట్రిపుల్స్ నేరము, ముగ్గురిలో ఇంటికి చేరువారెందఱు?” అని వ్రాసినచో చదువును. 2019లో సవరించిన చట్టము 199ఎ సెక్షను ప్రకారము ఈడురాని పిల్లవానికి బండి ఇచ్చి వాడు నేరము చేసినచో తండ్రికి, లేదా బండి యజమానికి, మూడేండ్లవఱకు ఖైదును 25,000 రూపాయల జుల్మానాయు గలవు. ఈ సంగతి ఎందఱు తండ్రులెఱుగుదురు? మన భాషలో, మన మాటలతో చెప్పినవారెవరు? తెలియని చట్టము కాపాడలేదు, శిక్షింపగలదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, యువకులు తామే చేయవలసినది. పాశ్చాత్య మోటారు సైకిలువారు తమలో తొడుగులు లేక చొక్కాతో, చెప్పులతో వేగముగా పోవువానిని “స్క్విడ్” అని వెక్కిరింతురు. అది ఎముకలేని మెత్తని సముద్రజీవి పేరు. “ప్రతి తొడుగును, ప్రతి మాఱును” అను అర్థము వచ్చు మాటల తొలియక్షరములను కూర్చి “ఆట్‌గాట్” అను నినాదమొకటి కల్పించుకొనిరి. అనగా ఆ గుంపులో నవ్వులపాలగువాడు హెల్మెట్టు పెట్టుకొన్నవాడు కాడు, పెట్టుకొననివాడు. పోలీసు జుల్మానా చేయలేని పనిని స్నేహితుని వెక్కిరింత చేయుచున్నది. మన యువకులు వారి వీలీని తెచ్చుకొనిరి, వారి బందనాను తెచ్చుకొనిరి. వారి ఈ బుద్ధిని మాత్రము రేవులోనే వదలివచ్చిరి! మన వాడుకలో నేటికిని నవ్వులపాలగువాడు నెమ్మదిగా పోవువాడే. ఈ నవ్వును త్రిప్పుడు. ఒట్టితలతో పోవువానికి ఒక మంచి ఎగతాళిపేరు పెట్టుడు. దానిని నేను సూచింపను. నలువదియేండ్లు దాటిన వకీలు కల్పించిన ఎగతాళికి ఎవరు నవ్వుదురు? అది మీ టీ దుకాణమువద్దనే పుట్టవలెను, మీ నోటనే పెరుగవలెను.

సాహసము మానుడని మిమ్ములను కోరుట లేదు. సాహసము లేని యువకులతో ఏ జాతియు లేవలేదు. ఈ సరస్సునకు ఆవలిగట్టుననే 1971 అక్టోబరు 9వ తేదీని మొదటి చిన్న రాకెట్టు ఎగిరెను. 2023 జూలై 14వ తేదీని చంద్రునివద్దకు పోయిన నౌక ఆ గట్టునుండియే బయలుదేరెను. అచటి సాహసమున కొక భాష గలదు. ప్రతి అపాయమునకు ఒక పేరు, ప్రతి పేరునకు ఒక జాగ్రత్త. లెక్క తప్పెనని తోచినచో గడియారమును ఆపుదురు. ఆపినందుకు ఎవ్వరును సిగ్గుపడరు. ఈవలి గట్టున బెస్తవాడును అదియే చేయుచున్నాడు. ఈ రెండు గట్టుల నడుమ బాటమీద మీరు పోవుచున్నారు. రెండుప్రక్కలను గురువులు గలరు. మీకు లేనిది చూపు మాత్రమే.

కూతకు పోయినవాడు గొప్పవాడు. కాని కూతకు అర్థము శత్రువును తాకుట మాత్రమే కాదు, ఊపిరి నిలుపుకొని మఱల మన గీత చేరుట. చేరనివానిని చెడుగుడులో ఎవ్వరును వీరుడనరు, చచ్చినవాడనియే అందురు. మన పల్లెపిల్లలు ఇసుకలో గీసిన ఆ గీత మన ఇంటి గడప. తమ్ములారా! వచ్చు ఆదివారము పులికాట్ బాటపై వేగముగా రండు, రాజహంసలను చూడుడు, కడుపార నవ్వుకొనుడు, క్రొత్త మాటలు పుట్టింపుడు. సాయంకాలమునకు మాత్రము గీత చేరుడు. అచట మీ తల్లి లెక్క పెట్టుకొనుచున్నది.